హైవే మీద తిప్పినా ఆరని లైటు: ఒక డీజిల్ ఎస్‌యూవీ, మూడు సలహాలు

నేను బళ్లు బాగుచేయడం కన్నా, బళ్లను పరీక్షించి చెప్పడమే ఎక్కువగా చేస్తాను. సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు చూసిపెట్టమనీ, సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్టిమేటు న్యాయమైనదో కాదో చెప్పమనీ జనం వస్తుంటారు. స్పేర్లు అమ్మను. ఏ గ్యారేజీ నుంచీ కమిషన్ తీసుకోను. ఈ కేసు రాసిపెట్టడానికి కారణం ఉంది. ఒకే బండికి రెండు చోట్ల మూడు సలహాలు ఇచ్చారు. మూడింటిలోనూ ఎంతోకొంత నిజం ఉంది. అయినా బండి బాగుపడలేదు. ఎందుకు బాగుపడలేదో తెలిస్తే సర్వీసు ఎక్కడ చేయించాలన్న ప్రశ్నకు కూడా చాలావరకు జవాబు దొరుకుతుంది.

యజమానుల అనుమతితోనే రాస్తున్నాను. బండి కంపెనీ, మోడల్, ఊరు, గ్యారేజీల వివరాలు తీసేశాను. అంకెల్ని కొంచెం గుండ్రం చేశాను.

నేపథ్యం

ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ. 2.2 లీటర్ల టర్బో ఇంజిన్, ఆరు గేర్ల ఆటోమేటిక్. కొత్తగా కొన్నప్పటి నుంచీ ఒకే కుటుంబం దగ్గర ఉంది. నా దగ్గరికి వచ్చేసరికి 90,000 కిలోమీటర్లు దాటింది, వారంటీ ముగిసి ఏడాది పైనే అయింది. వారం పొడుగునా ఆఫీసు, బడి, బజారు. నెలకు ఒకటి రెండుసార్లు దూర ప్రయాణం.

వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లారు. వారంటీ అయిపోయాక ఖర్చు ఎక్కువనిపించి ఇంటికి దగ్గర్లో ఉన్న గ్యారేజీకి మారారు. చాలా కుటుంబాలు చేసేది ఇదే, ఇందులో తప్పేమీ లేదు.

ఈ ఇంట్లో ఒక మంచి అలవాటు ఉంది. బండి నడిపేది ఎక్కువగా భర్తే అయినా లెక్క రాసేది భార్య. డీజిల్ పోయించిన ప్రతిసారీ ట్యాంకు నిండా పోయించి, ఎన్ని లీటర్లు పట్టింది, ఓడోమీటరు ఎంత చూపిస్తోంది అన్నది చిన్న డైరీలో రాసిపెడతారు. బిల్లులు, జాబ్ కార్డులు కూడా తేదీల వారీగా ఒక ఫైల్లో ఉన్నాయి. తర్వాత నేను చేసిన నిర్ధారణలో సగం ఆ డైరీ, ఆ ఫైలు పుణ్యమే.

వచ్చిన సమస్య

డీపీఎఫ్ లైటు వెలుగుతోంది, పికప్ తగ్గింది, మైలేజీ పడిపోయింది. ఒకటి రెండుసార్లు బండి పవర్ తగ్గించుకుని నెమ్మదిగా నడిచే మోడ్‌లోకి వెళ్లిపోయింది.

డీపీఎఫ్ అంటే డీజిల్ పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు. మసి ఒక స్థాయికి చేరాక ఇంజినే దాన్ని కాల్చేసుకోవాలి. ఇందుకోసం పొగగొట్టంలో వేడిని సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్తుంది. ఈ పనినే రీజనరేషన్ అంటారు. అంత వేడి రావాలంటే సిలిండర్‌లో మంట అయిపోయే దశలో అదనంగా కొంచెం డీజిల్ చల్లాలి. ఆ డీజిల్‌లో కొంత పొగగొట్టం దాకా పోకుండా సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. రీజనరేషన్ మొదలై మధ్యలో ఆగిపోతూ ఉంటే మసి కాలదు, ఆయిల్లో డీజిల్ మాత్రం పెరుగుతూ పోతుంది. ఈ కేసు మొత్తానికి కీలకం ఇదే.

వాళ్లు అడిగిన ప్రశ్న మాత్రం ఇంకొకటి. "సార్, మళ్లీ షోరూంకే వెళ్లాలా, బయటే చేయించుకోవాలా? అసలు ఈ బండి ఇంకా నాలుగైదేళ్లు ఉంచుకోదగ్గదేనా, ఇప్పుడే అమ్మేస్తే మేలా?" అన్నారాయన. పక్కన ఆవిడ, "ముందు బండికి ఏమైందో ఎవరైనా చెప్పనివ్వండి, ఉంచాలో అమ్మాలో తర్వాత చూద్దాం" అన్నారు. నాకూ ఆ వరుసే సరైనదనిపించింది. జబ్బేమిటో తెలియని బండి గురించి అమ్మకం నిర్ణయం తీసుకుంటే ఎటు తీసుకున్నా అది ఊహే.

అప్పటికే చేసి చూసినవి

మొదట దగ్గరి గ్యారేజీ. స్కానర్ పెడితే పి2463 కోడ్ వచ్చింది, అంటే ఫిల్టర్లో మసి ఎక్కువైందని. కోడ్ చెరిపేసి, స్కానర్‌తోనే బలవంతంగా రీజనరేషన్ చేయించారు. లైటు ఆరింది. కొన్ని వారాలకు మళ్లీ వెలిగింది. మళ్లీ అదే పని చేశారు. మూడోసారి వెళ్తే, "అన్నా, ఫిల్టరు లోపలిది తీసేసి సాఫ్ట్‌వేర్ మార్పిద్దాం, ఇక జన్మలో ఈ లైటు రాదు" అన్నాడట మెకానిక్.

ఆ సలహా వాళ్లు వినకపోవడం మంచిదైంది. ఫిల్టరు తీసేయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. బ్రిటన్‌లో 2014 ఫిబ్రవరి నుంచి, ఫిల్టరుతో తయారైన బండిలో అది లేకపోతే వార్షిక తనిఖీలోనే ఫెయిల్ చేస్తారు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ మసి పీల్చేది బండి వెనక నడిచే మనుషులు. నిర్ధారణ పరంగానూ అది నష్టమే. ఫిల్టరు నిండుతోందంటే ఇంజిన్లో ఏదో తేడా ఉందన్న ఆనవాలు అది. ఫిల్టరు తీసేస్తే ఆ ఆనవాలు పోతుంది, తేడా అలాగే ఉంటుంది.

రెండోది కంపెనీ సర్వీస్ సెంటర్. వాళ్లు బండి వాడకం గురించి అడిగి, ఊళ్లో చిన్న దూరాలే ఎక్కువ తిరుగుతోంది కాబట్టి మసి కాలడం లేదన్నారు, హైవే మీద అరగంట పైన ఒకే వేగంతో నడపమన్నారు. ఇది పుస్తకాల్లో ఉన్న సలహానే. వాళ్లు రెండు వారాంతాలు అదే పనిగా హైవే ఎక్కారు. లైటు ఆరలేదు. తిరిగి వెళ్తే ఈసారి ఫిల్టరు మొత్తం మార్చాలని ఎస్టిమేటు చేతిలో పెట్టారు. ఆ మొత్తం చూశాకే నా దగ్గరికి వచ్చారు.

ఎస్టిమేటు కాగితంలో నన్ను ఆపింది మొత్తం కాదు. ఫిల్టరు ఎందుకు నిండింది అన్న మాట అందులో ఎక్కడా లేదు. కారణం రాయకుండా కొత్త ఫిల్టరు బిగిస్తే అదీ ఇలాగే నిండుతుంది.

పరీక్ష

నేను అడిగిన మొదటి ప్రశ్న, కోడ్లు చివరిసారి ఎప్పుడు చెరిపారని. సర్వీస్ సెంటర్లో వారం కిందటే చెరిపారట. కోడ్ చెరిపితే దానితోపాటు ఆ లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, లోడు ఎంతున్నాయో దాచిపెట్టుకున్న సమాచారం కూడా పోతుంది. ఇంకా నిర్ధారణ కాక పెండింగ్‌లో ఉన్న కోడ్లూ పోతాయి. చాలా కోడ్లకు వరుసగా రెండు ప్రయాణాల్లో అదే లోపం కనిపిస్తేనే లైటు వెలుగుతుంది. ఒక్కసారి కనిపించినవి పెండింగ్‌లో నిశ్శబ్దంగా కూర్చుంటాయి. ప్రతి చోటా ఎవరో ఒకరు వాటిని తుడిచేస్తూ వచ్చారు.

అందుకే వెంటనే స్కానర్ పెట్టలేదు. డిప్‌స్టిక్ ఒక్కటి చూశాను. ఆయిల్ గరిష్ఠ గీత దాటి వేలెడు పైన ఉంది. వేలితో రుద్దితే పల్చగా జారుతోంది, డీజిల్ వాసన గట్టిగా వస్తోంది. ఆ స్థితిలో హైవే వేగాలు వద్దని చెప్పి, ఊళ్లో మామూలుగా తిప్పి కొన్ని రోజులకు ఉదయాన్నే చల్లారిన ఇంజిన్‌తో తీసుకురమ్మన్నాను. ఎవరినీ కోడ్లు చెరపనివ్వొద్దన్నాను.

ఈలోగా డైరీ చదివాను. బండి ఏళ్ల తరబడి లీటరుకు 14 చొప్పున ఇస్తూ వచ్చింది. డీపీఎఫ్ లైటు మొదటిసారి వెలగడానికి దాదాపు మూడు నెలల ముందు నుంచే 13కు, 12కు, చివరికి పదకొండున్నరకు దిగింది. వాడకం మాత్రం మారలేదు. అదే ఆఫీసు, అదే బడి. చిన్న ప్రయాణాలే కారణమైతే మొదటి ఐదేళ్లూ అదే వాడకంతో ఈ బండి ఎలా బాగుంది? సర్వీస్ సెంటర్ ఇచ్చిన కారణం నాకు అక్కడే చాలలేదు. చిన్న ప్రయాణాలు ఫిల్టరుకు మంచివి కావన్నది నిజమే. కానీ ఈ బండిలో మారినది అది కాదు.

ఇంకొక మాట ఆవిడ యథాలాపంగా అన్నారు. చలి ఊరికి వెళ్లినప్పుడు హీటరు ఎంత తిప్పినా గోరువెచ్చని గాలే వచ్చిందట, వెనక సీట్లో పిల్లలు వణికారట. డీపీఎఫ్‌కూ దానికీ సంబంధం ఉంటుందని వాళ్లు అనుకోలేదు, అందుకే ఏ గ్యారేజీలోనూ చెప్పలేదు. హీటరుకు వేడి వచ్చేది ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ నుంచే. నా అనుమానం అప్పుడే దాని వైపు మళ్లింది.

బండి తెచ్చిన రోజు స్కానర్‌లో రెండు కోడ్లు కనిపించాయి. పి2463 మామూలే. దాని కింద పెండింగ్‌లో పి0128, అంటే కూలెంట్ ఉండవలసిన వేడికి చేరడం లేదని. ఈ మోడల్లో డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెలిగే నీలం లైటు మాత్రమే ఉంది. అది కాస్త వేడెక్కగానే ఆరిపోతుంది. ఇంజిన్ ఆ తర్వాత 65 డిగ్రీల దగ్గరే ఆగిపోయినా డ్రైవరుకు తెలిసే దారి లేదు. ముల్లు ఉన్న బళ్లలోనూ చాలావాటిలో ఒక పరిధి లోపల వేడి ఎంత మారినా ముల్లు మధ్యలోనే నిలబడేట్టు చేస్తారు.

సెన్సర్ చెప్పేది నిజమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. రాత్రంతా నిలిచి ఉన్న బండిలో కూలెంట్, లోపలికి వచ్చే గాలి, బయటి గాలి సెన్సర్లన్నీ దాదాపు ఒకే అంకె చూపించాలి. చూపించాయి. ఫిల్టరుకు ముందూ వెనకా పీడనం తేడా కొలిచే సెన్సర్ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సున్నా చూపించాలి. చూపించింది. టర్బో హోసుల్లో పొగ పంపి చూస్తే లీకు లేదు. డీజిల్ చల్లే ఇంజెక్టర్ల దిద్దుబాటు విలువలు హద్దుల్లోనే ఉన్నాయి. వీటిలో ఏది తప్పినా మసి ఎక్కువ కావచ్చు, లేదా ఎక్కువైనట్టు అబద్ధం చెప్పవచ్చు. అనుమానం కూలెంట్ వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ మీద బలంగా ఉన్నా వీటిని వదిలిపెట్టలేదు. హీటరు కథ విన్న తర్వాత మిగతావాటిని చూడకుండా వదిలేయడం నాకు చాలా తేలిక. అప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

తర్వాత రోడ్డు మీదికి వెళ్లాం. ఆయన నడుపుతుంటే నేను పక్కన స్కానర్ పట్టుకుని కూర్చున్నాను. ఊళ్లో ట్రాఫిక్‌లో కూలెంట్ మెల్లగా 80 దాకా ఎక్కింది. ఊరు దాటి ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తుంటే దిగడం మొదలైంది. 76, 72, చివరికి 67 దగ్గర నిలిచింది. ఆయన ఒక్కసారి స్క్రీన్ వైపు చూసి, "అంటే హైవే మీద ఇంకా చల్లబడుతోందా?" అన్నారు.

అవును. థర్మోస్టాట్ ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు. సాధారణంగా 80 డిగ్రీలు దాటాకే తెరుచుకుంటుంది. అది మూసుకోకుండా ఉండిపోతే, హైవే గాలికి రేడియేటర్ ఎంత బాగా పనిచేస్తే ఇంజిన్ అంత చల్లగా ఉంటుంది. ఇంజిన్ చాలినంత వేడెక్కకపోతే కంప్యూటర్ రీజనరేషన్‌ను మొదలుపెట్టదు, పెట్టినా పూర్తి కానివ్వదు. మసిని కాల్చడానికి వాళ్లు హైవే ఎక్కిన ప్రతిసారీ ఇంజిన్ అన్నిటికంటే చల్లగా నడిచింది. సలహా పుస్తకం ప్రకారం సరైనదే, ఈ బండికి మాత్రం సరిగ్గా ఎదురు.

మర్నాడు ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోసు మీద చెయ్యి పెట్టాను. వాల్వు మూసి ఉంటే చాలాసేపు చల్లగా ఉండాల్సిన హోసు కొద్ది నిమిషాలకే వెచ్చబడింది. ఈ ఇంజిన్లో థర్మోస్టాట్ పై హోసు వైపు ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష చెల్లింది. కింది వైపు ఉండే ఇంజిన్లలో ఇదే పరీక్ష మోసం చేయగలదు.

ఎవరి చేత చేయించాలి

కారణం తెలిశాక వాళ్ల అసలు ప్రశ్నకు వచ్చాం. ఇక్కడ షోరూమా, బయటా అని రెండు పెట్టెలు గీసుకుంటే లాభం లేదు. ఈ బండి విషయంలో రెండు చోట్లా జరిగిన లోపం ఒకటే. ఇద్దరూ కోడ్ చూశారు, లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా సెన్సర్లు చూపించే అంకెలు చూడలేదు, కారణం తేలకముందే చెరిపేశారు. కొలిచాక మార్చే మనిషి కావాలి. అలాంటి మనిషి షోరూంలోనూ ఉండవచ్చు, చిన్న షెడ్డులోనూ ఉండవచ్చు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌నూ, దూరంగా ఉన్న మరి కొన్ని గ్యారేజీలనూ ఒకే ప్రశ్నలు అడగమని వాళ్లకు చెప్పాను. రేటు అడగొద్దన్నాను. రేటు చివరికి తెలుస్తుంది, ముందే అడిగితే మిగతా జవాబులు చెవికెక్కవు.

అన్నిటికంటే ఎక్కువ విషయం బయటపెట్టిన ప్రశ్న, నిజానికి ఆ రోజుకు అవసరం లేనిది. "ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మారిస్తే లెవెల్ ఎలా చూస్తారు?" సరిగ్గా చేసేవాళ్లు, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి కంపెనీ చెప్పిన పరిధిలో ఉన్నప్పుడు, బండిని సమంగా లిఫ్టు మీద పెట్టి చూస్తామంటారు. వేడి పెరిగితే ఆయిల్ వ్యాకోచిస్తుంది, అందుకే వేడి చూడకుండా తీసుకున్న లెవెల్‌కు అర్థం లేదు. ఒక చోట, "అందులో ఆయిల్ మార్చే పనే లేదు, లైఫ్‌టైమ్" అన్నారు. గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్ఎఫ్ సంస్థ తన ఆటోమేటిక్ బాక్సులకు వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటుంది. ఈ బండిలోది వేరే తయారీ. అయినా లైఫ్‌టైమ్ అన్న మాటలో ఎవరి లైఫ్ అన్నది తేలాలి. బండిని నాలుగేళ్లలో అమ్మేసేవాళ్లకూ, పదిహేనేళ్లు ఉంచుకునేవాళ్లకూ ఆ మాట ఒకటి కాదు.

రెండో ప్రశ్న ఇంజిన్ ఆయిల్ గురించి. "మా బండికి ఏం పోస్తారు?" అంటే, "మంచి సింథటిక్" అన్నది జవాబు కాదు. డీపీఎఫ్ ఉన్న డీజిల్‌కు బూడిద తక్కువ వదిలే ఆయిల్ కావాలి. యూరప్ బళ్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ పెట్టిన సి3 వర్గంలో సల్ఫేటెడ్ బూడిద 0.8 శాతం మించకూడదు. ఏ3/బి4 వర్గంలో అది 1.6 శాతం దాకా పోవచ్చు. రెండిటి చిక్కదనమూ ఒకే 5డబ్ల్యూ30 కావచ్చు, రెండు డబ్బాలూ చూడ్డానికి ఒకేలా ఉండవచ్చు. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఫిల్టర్లో పేరుకుని అక్కడే ఉండిపోతుంది. ఫైల్లో బిల్లులు తిరగేస్తే దగ్గరి గ్యారేజీ పోసింది ఎక్కువ బూడిద ఉన్న రకమే. మెకానిక్‌కు దురుద్దేశమేమీ లేదు, పెట్రోలు బళ్లకు పోసే మంచి ఆయిలే దీనికీ పోశాడు.

ఇక చెరిపే ముందు స్కాన్ రిపోర్టు ఇస్తారా, పాత పార్టు చేతికిస్తారా అన్నవి. ఒక మధ్యస్థాయి గ్యారేజీ అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. ఆయిల్ స్పెసిఫికేషన్ అడిగితే, "మీ బండి మాన్యువల్లో ఆ పేజీ ఫొటో పంపండి, చూసి చెప్తాం" అన్నారు. తెలియనిది చూసి చెప్తామన్న ఆ జవాబే నన్ను ఎక్కువగా ఒప్పించింది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌ను పూర్తిగా వదిలేయమని మాత్రం అనలేదు. సేఫ్టీ రీకాల్, ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్, ఎయిర్‌బ్యాగులు, తాళం కోడింగ్, వీటికి అక్కడికే వెళ్లాలి. ఛాసిస్ నంబరుతో చూస్తే ఈ బండికి ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెండింగ్‌లో ఉంది కూడా. బయటికి మారినవాళ్లు సాధారణంగా మరిచిపోయేది ఇదే.

వారంటీలో ఉన్న బండి అయితే నా లెక్క వేరుగా ఉండేది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఫలానా కంపెనీ పార్టులు గానీ, ఫలానా చోట సర్వీసు గానీ డబ్బు పెట్టి చేయించుకుంటేనే వారంటీ అని షరతు పెట్టడానికి సాధారణంగా కుదరదు. యూరప్‌లోనూ దానికి దగ్గరి నియమాలు ఉన్నాయి. ఒక్కో దేశంలో చట్టం ఒక్కోలా ఉంటుంది. ఎక్కడైనా సరే, తగిన ఆయిలే పోశామని, సమయానికే చేశామని చూపించే బిల్లు లేకపోతే చట్టం మీ వైపున్నా వాదన నిలవదు.

పని జరిగిన వరుస

ఇక్కడ ఆయనకూ నాకూ చిన్న వాదన జరిగింది. థర్మోస్టాట్ మార్చి, రీజనరేషన్ చేయించి, అన్నీ అయ్యాక చివర్లో ఒక్కసారి ఆయిల్ మారిస్తే సరిపోదా అన్నారు. రీజనరేషన్‌లో ఎలాగూ కొంత డీజిల్ ఆయిల్లో కలుస్తుంది, ముందు మార్చిన ఆయిల్ మళ్లీ పాడవుతుంది కదా అని. తర్కం బాగానే ఉంది. కానీ అప్పటికే ఆయిల్ పల్చబడి, గీత దాటి ఉంది. ఆ ఆయిల్‌తోనే ఇంజిన్‌ను అంత వేడిలో అరగంట నడిపితే బేరింగులకు, టర్బోకు కావలసిన పొర ఉండదు. ఆయిల్ మరీ ఎక్కువైతే ఇంజిన్ దాన్నే లోపలికి పీల్చి ఇంధనంలా కాల్చుకుని అదుపు తప్పే ప్రమాదం డీజిల్ ఇంజిన్లలో ఉంది. ఆయిల్ రెండుసార్లు మార్చడం దండగ అనిపించవచ్చు, దానికి ఎదురుగా ఉన్నది ఇంజిన్. చివరికి ఒప్పుకున్నారు.

ముందు థర్మోస్టాట్, కొత్త కూలెంట్. తర్వాత సరైన ఆయిల్, ఆయిల్ ఫిల్టరు. తర్వాత రోడ్డు మీద వేడి చూసుకుని, గ్యారేజీలో రీజనరేషన్. ఆ తర్వాత మామూలు గడువు కంటే చాలా ముందే మరోసారి ఆయిల్.

తీసిన థర్మోస్టాట్‌ను గ్యారేజీవాళ్లు కవర్లో వేసి ఇచ్చారు. చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెడితే వాల్వు అంచున రబ్బరు ఒక పక్క చిరిగి లోపలికి మడిచి ఉంది, అగ్గిపుల్ల దూరేంత సందు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చిన్నదానికా ఇంత తిరిగాం" అన్నారు.

ఫలితం, అందులో మిగిలిన లోటు

హైవే మీద కూలెంట్ 86 నుంచి 90 మధ్య నిలకడగా నిలిచింది. హీటరు వేడిగాలి ఇచ్చింది. ఫిల్టరు ముందూ వెనకా పీడనం తేడా మూడో వంతుకు పడిపోయింది. అంతకుముందు వంద కిలోమీటర్లకే మళ్లీ మళ్లీ ప్రయత్నించిన రీజనరేషన్ ఇప్పుడు నాలుగు వందల కిలోమీటర్లకు ఒకసారి మొదలై పూర్తవుతోంది. డైరీలో మైలేజీ తిరిగి 14 దగ్గరికి వచ్చింది. ఫిల్టరు మార్చలేదు.

అయితే పీడనం తేడా కొత్త బండి స్థాయికి రాలేదు. పాత ఆయిల్ వదిలిన బూడిద లోపలే ఉంది, అది ఏ వేడికీ పోదు. ఫిల్టరు ఆయుష్షులో కొంత పోయినట్టే. ఏదో ఒక రోజు విప్పి శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి. ఈ మాట వాళ్లకు ఆ రోజే చెప్పాను. బాగైందన్న సంతోషంలో ఈ ముక్క దాచడం సులువు, కానీ రెండేళ్ల తర్వాత లైటు వెలిగితే పాత జబ్బే తిరగబెట్టిందనుకుంటారు.

ఇంకొకటి కూడా జరిగింది. కొన్ని వారాలకు థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కూలెంట్ ఎండిన తెల్లటి చార కనిపించింది. సీలు సరిగా కూర్చోలేదు. ఆయన కంగారుపడి, గ్యారేజీ మార్చేద్దామా అని ఫోన్ చేశారు. ముందు వాళ్ల దగ్గరికే వెళ్లి ఏం చేస్తారో చూడమన్నాను. వాళ్లు వాదించలేదు. హౌసింగ్ విప్పి, అంచు మీద మిగిలిపోయిన పాత తుప్పు చూపించి, శుభ్రం చేసి కొత్త సీలు వేశారు. కూలెంట్ వ్యవస్థకు ప్రెజర్ పెట్టి లీకు లేదని చూపించారు, జాబ్ కార్డులో తిరిగి వచ్చిన పని అని రాశారు, డబ్బు తీసుకోలేదు. ఎంత మంచి చోటైనా పనులు తిరిగి వస్తాయి. నేను గ్యారేజీని తూచేది మొదటి పని కన్నా ఇలాంటి రెండో రాకతోనే. ఆ తర్వాతే ఆ గ్యారేజీకి నేను ధైర్యంగా ఓటేశాను.

ఉంచుకోవాలా, అమ్మాలా

ఈ ప్రశ్నకు ఆయన అప్పటికే సర్వేలు చదివి వచ్చారు. చదవడం మంచిదే, అవి దేన్ని కొలుస్తాయో తెలిసి చదవాలి. అమెరికా సర్వే సంస్థ జేడీ పవర్ డిపెండబిలిటీ అధ్యయనం మూడేళ్ల వయసున్న బళ్ల యజమానులను అడిగి, ప్రతి వంద బళ్లకు ఎన్ని సమస్యలో చెబుతుంది. అందులో ఫోన్ బ్లూటూత్‌కు కలవకపోవడమూ ఒక సమస్యే, గేర్‌బాక్స్ పోవడమూ ఒక సమస్యే. జర్మనీలో బళ్లను తనిఖీ చేసే టీయూవీ రిపోర్టు వయసువారీగా, పదేళ్లు దాటిన బళ్ల దాకా, తనిఖీలో బయటపడ్డ లోపాలు చెబుతుంది. అది బ్రేకులు, లైట్లు, సస్పెన్షన్, తుప్పు లాంటి రోడ్డు భద్రత అంశాల లెక్క. ఇంజెక్టర్లు ఇంకెన్నాళ్లు వస్తాయో అందులో దొరకదు. ఏ మోడల్ కొనాలన్నప్పుడు ఇవి పనికొస్తాయి. ఐదారేళ్లుగా ఇంట్లో ఉన్న బండి విషయంలో ఆ బండి చరిత్రే వాటికన్నా గట్టి సాక్ష్యం.

ఆ చరిత్రను నేను ఇలా చూశాను. చెడిపోయింది థర్మోస్టాట్, వయసుకు చెడిపోయే చిన్న పార్టు. దాని చెడు ఇంజిన్‌కు ఎంత దూరం పాకింది అన్నదే అసలు ప్రశ్న. పల్చబడ్డ ఆయిల్‌తో కొన్ని నెలలు నడిచింది కాబట్టి బేరింగుల మీద అనుమానం ఉంది. తీసిన ఆయిల్లోంచి నమూనా ల్యాబుకు పంపించాం. డీజిల్ శాతం బాగా ఎక్కువ వచ్చింది, అది ఊహించిందే. బేరింగుల అరుగుదలను చూపించే సీసం, రాగి ఆందోళన పడేంత లేవు. ఒక్క నమూనాతో తేల్చడం నాకు ఇష్టం ఉండదు, ముఖ్యంగా డీజిల్ కలిసి పల్చబడ్డప్పుడు లోహాల అంకె కూడా తక్కువగా కనిపించవచ్చు. కొత్త ఆయిల్ మీద రెండో నమూనా తీసే దాకా జవాబు వాయిదా వేశాను. రెండోదీ శుభ్రంగా వచ్చింది. టర్బో షాఫ్టులో వదులు లేదు. గేర్‌బాక్స్ ఆయిల్ ముదురు ఎరుపు, మాడు వాసన లేదు. కింద తుప్పు పైపైనే. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం ఎన్నాళ్లుగానో మార్చలేదు. అది గాలిలో తేమ పీలుస్తుంది. డాట్ 4 ప్రమాణంలో పొడిగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155. ఘాట్ రోడ్డు మీద ఏడుగురితో దిగే బండికి ఆ తేడా చిన్నది కాదు. దాన్ని వెంటనే మార్పించాను.

ఉంచుకోమన్నాను. అమ్మితే ఈ చరిత్ర అంతా తెలిసిన బండి పోయి, చరిత్ర తెలియని ఇంకో బండి వస్తుంది. ఉంచుకుంటే రాబోయే ఖర్చులు ఏవో ముందే తెలుసు: గేర్‌బాక్స్ ఆయిల్, ఎప్పుడో ఒకప్పుడు డీపీఎఫ్, సస్పెన్షన్ బుష్‌లు. అయితే షరతు కూడా చెప్పాను. ఆయిల్ లెవెల్ మళ్లీ పెరిగితే, లేదా రీజనరేషన్ల మధ్య దూరం రెండు వందలకు దిగితే, ఆగకుండా కారణం వెతకాలి. ఆ కారణం ఇంజెక్టర్లు గానీ, కంప్రెషన్ గానీ అని తేలితే అమ్మకం గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

డైరీలో ఆవిడ ఇప్పుడు రెండు గడులు పెంచారు. ఒకటి నెలకోసారి చల్లటి ఇంజిన్ మీద డిప్‌స్టిక్ ఎక్కడుందన్నది. ఇంకొకటి, బండి కంప్యూటర్ అంకెలు చదివే చిన్న ఓబీడీ పరికరం ఫోన్‌కు కలిపి చూసే హైవే కూలెంట్ వేడి. బండి 1,20,000 దాటింది. గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించారు, లెవెల్ చూసినప్పటి వేడి ఎంతో జాబ్ కార్డు మీదే రాయించుకున్నారు. పీడనం తేడా నెమ్మదిగా పెరుగుతోంది, బూడిద వల్ల పెరగాల్సినంతే. వచ్చే సర్వీసులో ఫిల్టరు విప్పి శుభ్రం చేయించే విషయం ఆ గ్యారేజీతో మాట్లాడుతున్నాం.